నత్తగుల్ల కొనలోని మెలికను చూపిన స్టీరియో మైక్రోస్కోప్

తిరుపతి బాలాజీ కాలనీలో ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో 9,500 రూపాయలకు కొన్న స్టీరియో మైక్రోస్కోప్‌ను ఆరు నెలలుగా ఒకే పనికి వాడుతున్నాను. తూపిలిపాలెం తీరపు ఇసుకను జల్లెడ పట్టి, అందులో దొరికే టర్బోనిల్లా నత్తల ఖాళీ గుల్లలను ఏరి, జాతుల వారీగా వేరు చేయడమే ఆ పని.

ప్రకృతి శాస్త్రవేత్త రిస్సో 1826లో పేరు పెట్టిన ఈ ప్రజాతి నత్తలు పరాన్నజీవులు. మిగతా నత్తలకు ఉండే రాడ్యులా, అంటే నోటిలోని పళ్ల పట్టీ, వీటికి ఉండదు. పొడవైన తొండంలోని సూదివంటి ముల్లుతో అతిథేయి, అంటే తాము ఆశ్రయించిన జీవి, ఒంటిని పొడిచి, లోపలి ద్రవాన్ని పీల్చుకుని బతుకుతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఖాళీ గుల్ల తన అతిథేయి ఎవరో చెప్పదు కనుక, మూడు నాలుగు మిల్లీమీటర్ల ఆ గుల్లనే అక్షరం అక్షరం చదవవలసి ఉంటుంది.

"మీ వస్తువు తెచ్చి, పెట్టి చూసుకున్నాకే కొనండి సార్" అని దుకాణదారు అన్నారు. ఆ మాట నాకెంతో మేలు చేసింది. ఈ నత్త డింభక (లార్వా) దశలో గుల్ల ఎడమకు చుట్టుకుని, తరువాత కుడివైపుకు తిరుగుతుంది. అందుచేత సూదిగా సాగిన గుల్ల కొసన చిన్న బుడిపె ఒకటి పక్కకు ఒరిగి ఉంటుంది. నా చేతి భూతద్దంలో అది చుక్కగానే కనిపించేది. ఈ పరికరంలో 40 రెట్ల వద్ద ఆ మెలిక మొదటిసారి స్పష్టంగా కనబడినప్పుడు, దుకాణంలో ఉన్నానన్న సంగతే మరిచి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. దగ్గరి బంధువైన ఒడోస్టోమియా గుల్ల నోటిలోని పంటివంటి మడత 20 రెట్లకే తెలుస్తుంది.

లోపాలు లేకపోలేదు. పైదీపపు వెలుగును తగ్గించే మీట లేదు. తెల్లని, నిగనిగలాడే గుల్ల మీద ఆ వెలుగు పడి నిలువు గాట్లు మాసిపోతాయి. దీపానికి ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టి, పక్కనుంచి చిన్న టార్చి వేస్తే గాట్లు లెక్కకు వస్తాయి. గాట్ల నడుమ సాగే అతిసన్నని అడ్డగీతలు మాత్రం 40 రెట్లకు సరిగా అందవు. కొన్ని జాతులను వేరుచేసేది ఆ గీతలే కావడంతో, ఏడు గుల్లలు ఇప్పటికీ పేరు లేకుండానే నా డబ్బాలో ఉన్నాయి. ఫోకస్ మర రెండో నెలలోనే జారితే, బాగుచేయించడానికి మూడుసార్లు తిరగవలసి వచ్చింది.

ప్రజాతి వరకు గుర్తించడానికి ఈ ధరకు ఇది మంచి పరికరం. జాతి దాకా వెళ్లదలచినవారు 80 రెట్లు చూపే కటకాల జతను కూడా అప్పుడే అడిగి తీసుకోవాలి.