టాలీ బ్యాకప్: ఎక్స్‌టర్నల్ డిస్కా, క్లౌడా?

టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని లెక్కలను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో దాచడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, రీస్టోర్ (బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తెచ్చుకోవడం) కూడా త్వరగా అవుతుంది. కానీ దాన్ని ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) సోకినప్పుడు అసలుతో పాటు కాపీ కూడా పోతుంది. దుకాణంలో అగ్నిప్రమాదం జరిగినా అంతే.

క్లౌడ్‌లో ఆ భయం తక్కువ. పాత వెర్షన్లు నిల్వ ఉంచే సేవ అయితే, ఈరోజు పాడైన ఫైలు ఎక్కినా నిన్నటిది దొరుకుతుంది. అయితే టాలీ నడుస్తుండగా డేటా ఫోల్డర్‌నే సింక్‌లో (మార్పులు వెంటవెంటనే క్లౌడ్‌కు వెళ్లేలా) పెట్టకండి, బ్యాకప్ ఫైలును మాత్రమే పంపండి. కంపెనీగా నమోదైన సంస్థలకైతే భారత్‌లోని సర్వర్‌లో రోజువారీ బ్యాకప్ ఉంచడం 2022 నుంచి నిబంధన కూడా.

నా ఓటు క్లౌడ్‌కే, డిస్క్ రెండో కాపీగా. ఏది ఎంచుకున్నా రీస్టోర్‌ను వేరే ఫోల్డర్‌లోకి చేసి పరీక్షించండి. అసలు ఫోల్డర్‌లోకే చేస్తే నేటి లెక్కలు చెరిగిపోయి పాతవే మిగులుతాయి.