56 గుడ్ల ఇంక్యుబేటర్: మిషన్ బాగానే ఉంది, పార్సిల్ గుడ్లే ముంచాయి

ఆన్‌లైన్‌లో ఐదు వేల చిల్లర పెట్టి ఈ గుడ్లు పొదిగే మిషన్ కొన్నాను. ఫ్యాన్ ఉంది, గుడ్లు అదే తిప్పుతుంది. మాది విశాఖ దగ్గర పెందుర్తి, పెరడుంది, కోళ్లున్నాయి గానీ పొదుగుకి కూర్చునే పెట్ట ఒక్కటీ లేదు. "పక్కింటి పెట్ట కింద పెడితే పోయేదానికి ఈ కరెంటు పెట్టె ఎందుకురా" అని అమ్మ మొదటిరోజు నుంచీ అంటూనే ఉంది.

ముందుగా చెప్పాల్సింది, డిస్‌ప్లేని నమ్మకండి. అది 37.5 డిగ్రీలు చూపిస్తుంటే, గుడ్ల పక్కన జ్వరం చూసుకునే థర్మామీటర్ పెడితే 38.2 వచ్చింది. సెట్టింగ్స్‌లో ఆ తేడా సరిచేసుకోవచ్చు, పెద్ద పనేం కాదు, కానీ చూసుకోకపోతే పిల్లలు నీరసంగా, టైముకి ముందే బయటికొస్తాయి. ఇక నీళ్ల సంగతి. రెండు నీళ్ల గాడులూ నింపమని పుస్తకంలో ఉంది. అది రాసినవాళ్లు ఆగస్టులో విశాఖ చూసి ఉండరు, ఇక్కడ తీగ మీద బట్టలే రెండ్రోజులకి గానీ ఆరవు. మొదటి 18 రోజులు తేమ 45 నుంచి 55 శాతం చాలు, నేను చుక్క నీళ్లు పోయకపోయినా అంతకంటే కాస్త ఎక్కువే చూపించింది. చివరి మూడు రోజులే నీళ్లు పోసి 65 దాటించాను.

మొదటి విడత 24 కడక్‌నాథ్ (ఒళ్లంతా నల్లగా ఉండే కోడి జాతి) గుడ్లు, వేరే రాష్ట్రం నుంచి పార్సిల్‌లో తెప్పించాను. (గుడ్డు కూడా నల్లగా ఉంటుందనుకుంది అమ్మ. ఉండదు, లేత గోధుమ రంగే.) అమ్మినాయన ఒక్కో గుడ్డూ కాగితంలో చుట్టి ఊకలో పెట్టాడు పాపం, అయినా కొరియర్‌వాళ్లు దాన్ని ఎన్నిసార్లు విసిరారో, మూడు పగిలే వచ్చాయి. మిగతావాటికి టార్చ్ పెట్టి చూస్తే లోపల గాలి గది ఒకచోట నిలవకుండా బుడగలా అటూ ఇటూ కదులుతోంది. అలాంటి గుడ్లని మొనవైపు కిందికి పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. నేను ఆత్రంకొద్దీ అదే రాత్రి మిషన్‌లో పెట్టేశాను, ఆ తప్పు నాదే. ఏడో రోజు చూస్తే ఆరింట్లో ఏమీ లేదు, మిగతావాటిలో సాలెగూడులా ఎర్రటి నరాలు. తర్వాత నాలుగు మధ్యలో ఆగిపోయాయి. 18వ రోజుకి మిగిలినవి పదకొండు, అందులో పిల్లలైనవి ఎనిమిది. మిగతా మూడూ గుడ్డులోనే చనిపోయాయి. పిల్ల పెంకు పొడవడం మొదలెట్టాక మూత తీయకూడదు, తేమ పోయి లోపలి పొర పిల్లకి అతుక్కుపోతుంది. నేను ఆగలేక రెండుసార్లు తీశాను. ఆ మూడూ అందుకే పోయాయేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో విడత సబ్బవరం దగ్గర తెలిసినవాళ్లింట్లో పన్నెండు నాటు గుడ్లు అడిగి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. పది పిల్లలు! మిషన్ అదే, మనిషీ అదే. మధ్యలో నాలుగు గంటలు కరెంటు పోతే దుప్పటి కప్పి ఊరుకున్నాను, ఏమీ కాలేదు. హుద్‌హుద్ లాంటి తుఫానొస్తే మాత్రం దుప్పట్లు చాలవు, ఇన్వర్టర్ ఉంటేనే కొనుక్కోండి.

మిషన్‌కి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది వైరుకి, మీటరు పొడవు కూడా లేదు, మూడు వారాలు ఫ్రిజ్ ప్లగ్గు తీసి దీనికిచ్చాం.