ఇన్వర్టర్ పక్కన వైఫై: జరపాలా, బ్యాండ్ మార్చాలా, కేబుల్ లాగాలా?

కర్నూలు, అనంతపురం, కడప... ఏ ఊరి ఇంటికి పోయినా హాల్లో ఒక మూల కడప బండతో కట్టిన అర కనిపిస్తుంది. కింద ఇన్వర్టరు, బ్యాటరీ. పైన స్టెబిలైజరు. ఆ రెండింటి సందులో వైఫై రౌటరు. ప్లగ్గు అక్కడే ఉంటుంది కాబట్టి ఫైబర్ వేసినాయన రౌటరు అక్కడే పెట్టి పోతాడు. ఆ తర్వాత స్పీడు రావడం లేదని ఫోన్ చేస్తే, "పాత రౌటరు సామీ, కొత్తది వేసుకోండి" అంటారు. కొత్తది తెచ్చి అదే సందులో దూరిస్తే ఒరిగేదేముంది?

ఇన్వర్టరు నుంచి వైఫైని చెడగొట్టే కిరణాలేవో వస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ దాని నుంచి వచ్చే విద్యుత్ రొద (ఎలక్ట్రికల్ నాయిస్) ఎక్కువగా కిలోహెర్ట్జ్, తక్కువ మెగాహెర్ట్జ్ స్థాయిలోనే ఉంటుంది. ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే కడప ఆకాశవాణి, అంటే 900 కిలోహెర్ట్జ్ పెట్టి ఇన్వర్టరు దగ్గరికి తీసుకుపోండి, గుర్రుమనడం వినిపిస్తుంది. వైఫై నడిచేది 2400 మెగాహెర్ట్జ్ పైన. అంత పైకి ఆ రొద పాకడం తక్కువ. దెబ్బ వేరే దారుల్లో తగులుతుంది. ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుము, బ్యాటరీలోని సీసం సిగ్నల్‌కు అడ్డుపడతాయి. నున్నటి అల బదులు చతురస్రపు అలగా కరెంటు ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరయితే రౌటరు చవక అడాప్టరు తడబడవచ్చు. రౌటరును కంప్యూటరుకు కలిపే రాగి లాన్ వైరు కరెంటు వైర్లతో కలిసి పోతే రొదను పట్టుకుంటుంది. ఫైబర్‌లో పోయేది వెలుగు కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

డబ్బు తీసే ముందు ల్యాప్‌టాప్‌ను చిన్న లాన్ వైరుతో రౌటరుకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. అప్పుడు బాగా వచ్చి వైఫైలో రాకపోతే తప్పు ఇంట్లోనే ఉంది. వైరు మీద కూడా రాకపోతే కంపెనీవాళ్లను పిలవాల్సిందే, కింద రాసినవేవీ పనికిరావు.

రౌటరును జరపడానికి పైసా ఖర్చు లేదు. ఐదారు అడుగుల దూరం, ఛాతీ ఎత్తు, వేరే ప్లగ్గు. ఫైబర్ వైరు చాలకపోతే కొంచెం పొడవు వైరు వేయించుకోవాలి, అంతే. నన్నడిగితే ఇది చేయకుండా మిగతా వాటి జోలికి పోవద్దు.

ఇక బ్యాండ్, అంటే వైఫై నడిచే తరంగాల పట్టీ: చాలా రౌటర్లలో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండుంటాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ పక్కింటి రౌటర్ల రద్దీ నుంచి, మైక్రోవేవ్ పొయ్యి నుంచి తప్పిస్తుంది. ఇన్వర్టరు ఇనుము మాత్రం దానికీ అడ్డే. కొత్త అపార్ట్‌మెంట్లలో బాగా పనిచేస్తుంది. అడుగున్నర మందం రాతి గోడల పాత మిద్దెలో పక్క గదికి చేరేసరికే నీరసపడుతుంది. అక్కడ 2.4 మీదే ఉండి, రౌటరు సెట్టింగుల్లో 1, 6, 11 చానళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోవడం నయం.

వైఫైని అందుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండరు నాకు నచ్చదు. అందుకున్నదే మళ్లీ పంపుతుంది, చవక రకాలు అందులోనూ సగం మింగేస్తాయి. ఇంటి కరెంటు వైర్లలోనే ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లయితే ఇన్వర్టరున్న ఇంటికి అసలే వద్దు. అవి వాడేది సుమారు 2 నుంచి 30 మెగాహెర్ట్జ్, సరిగ్గా ఆ రొద తిరిగే చోటే.

రాతి మిద్దెకు మేలైనది క్యాట్ 6 రకం లాన్ కేబులే. దీని హద్దు 100 మీటర్లు, ఏ ఇంటికైనా చాలు. గోడ తొలవడం పెద్ద పనే, కాబట్టి డిష్ వైరు దూర్చిన పాత రంధ్రమో కిటికీ మూలో చూసుకోండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చనివ్వద్దు. "ఒకే పైపులో వేసేద్దాం సార్" అని ఎలక్ట్రీషియన్ అంటాడు, ఒప్పుకోకండి. కరెంటు వైర్లను దాటక తప్పనిచోట వాటికి అడ్డంగా దాటించాలి. అవతలి గదిలో పాత రౌటరునే యాక్సెస్ పాయింటుగా, అంటే కేబుల్ ద్వారా వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా ఇచ్చేదిగా పెట్టి, అందులో డీహెచ్‌సీపీ (ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు చిరునామాలు పంచే పని) ఆపేస్తే సరి.

కరెంటు పోయినప్పుడో, బోరు మోటారు వేసినప్పుడో రౌటరు ఆగి మళ్లీ మొదలవుతుంటే అది సిగ్నల్ జబ్బు కాదు. రౌటరు కోసమే వచ్చే చిన్న డీసీ యూపీఎస్ (అడాప్టరు, రౌటరు మధ్య ఉండే చిన్న బ్యాటరీ పెట్టె) పెట్టండి. కొనేముందు రౌటరు అడుగున రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోవాలి.

బాడుగ ఇల్లయితే ఓనరు గోడ తొలవనివ్వడు. అప్పుడు రౌటరును జరిపి, కేబుల్‌ను గోడ అంచున క్లిప్పులతో తలుపు సందుగుండా తీసుకుపోతే ఖాళీ చేసేటప్పుడు చుట్టుకుని వెంట తీసుకెళ్లవచ్చు.