స్ట్రింగ్‌బిల్డర్‌తో ఐదు మిర్చి సీజన్లు: సెట్‌లెంగ్త్ మీద నా గోడు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), రోజువారీ చిట్టా తీసే ప్రోగ్రాం నాదే. జావాలో రాశా, ఐదు మిర్చి సీజన్లుగా నడుస్తోంది. అందులో ప్రతి కాగితమూ స్ట్రింగ్‌బిల్డర్ (అక్షరాల ముక్కల్ని ఒకదాని వెనక ఒకటి చేర్చుకుంటూ పోయే జావా సాధనం) మీదుగానే బయటికొస్తుంది. దాని మీద నాకు అభిమానమే. అందులోని సెట్‌లెంగ్త్ (పొడవు ఇంతే అని కుదించే ఆదేశం) విషయంలో మాత్రం మనసు ఇంకా కుదుటపడలేదు.

మొదటి ఏడాది ప్లస్ గుర్తుతోనే స్ట్రింగ్‌లు (అక్షరాల వరసలు) అతికించేవాణ్ణి. జావాలో స్ట్రింగ్ ఒకసారి పుడితే మారదు కదా, అతికించిన ప్రతిసారీ పాతదంతా కొత్తచోటికి కాపీ అవుతుంది. సీజన్ మొత్తం చిట్టా తీయాలంటే నిమిషం దాకా పట్టేది, జెండా పాట (వేలం) అయి కాంటాలు మొదలయ్యే వేళ గుమాస్తా నా వైపే చూస్తూ కూర్చునేవాడు. లూప్‌లో (ఒకే పని మళ్ళీ మళ్ళీ జరిగే చోట) ప్లస్ తీసేసి స్ట్రింగ్‌బిల్డర్ అపెండ్ (చివర చేర్చే ఆదేశం) పెట్టాక ఎంటర్ మీది నుంచి చెయ్యి తీసేలోపు చిట్టా తయారు. ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తే.

సెట్‌లెంగ్త్ కూడా మొదట్లో తెగ నచ్చింది. సున్నా ఇస్తే బిల్డర్ ఖాళీ అవుతుంది, అదే మళ్ళీ వాడుకోవచ్చు. పది ఇస్తే పేరు పది అక్షరాల గడిలో కూర్చుంటుంది. పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేదు. మూడో సీజన్‌లో సేటు తక్‌పట్టీ తెలుగులో కావాలన్నాడు. నేను 'వర్ధన్నపేట' కొట్టి చూశా, సరిగ్గా పదిలో ఒదిగింది. సరే, పని అయిపోయిందనుకున్నా.

రెండు రోజులకు ఒక పెద్దావిడ తక్‌పట్టీ పట్టుకొని వచ్చింది. "బిడ్డా, గిది నా పేరేనా? సగమే ఉన్నది గదా. పాసుబుక్కుల పేరుకు దీనికి పొంతన లేదు" అంది. కాగితం మీద 'రాజ్యలక్ష్' అని ఉంది. పొల్లు వేలాడుతోంది. ఆమెకు కాగితం మళ్ళీ చేత్తో రాసిచ్చి, "తప్పు నాదేనమ్మా" అన్నా. ఎండలో నాలుగు గంటలు బస్తాల మీద కూర్చున్న మనిషికి పేరు కూడా సరిగా రాసివ్వలేకపోయానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మనం 'క్ష్మి' అని ఒక్కటిగా చదివేది జావా లెక్కలో ఆరు: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. 'రాజ్యలక్ష్మి' మొత్తం పన్నెండు. సెట్‌లెంగ్త్ పది దగ్గర కత్తి వేసింది, ఒత్తు ఎవరిదో దానికి పట్టదు. ఒక అక్షరం తీసేసే డిలీట్‌క్యార్‌యాట్ కూడా అంతే, వరస తిరగేసే రివర్స్ అయితే గుణింతాలన్నీ తారుమారు. ఇప్పుడు కోసే ముందు రెండు చూస్తున్నా: కోత తర్వాత వచ్చేది గుణింతమో పొల్లో సున్నానో అయినా, కోతకు ముందున్నది పొల్లు అయినా ఒక అడుగు వెనక్కి. అలా వెనక్కి వెళ్తే 'రాజ్యల' దగ్గర ఆగుతుంది, పక్కన చుక్క పెడుతున్నా. అర పేరే, కానీ విరిగిన అక్షరం లేదు.

వేగం గురించి పైన అన్నదానికి ఒక మాట కలపాలి. లూప్ లేని చోట, రెండు మూడు ముక్కలు కలపడానికి ప్లస్ చాలు. జావా 9 నుంచి దాన్ని కంపైలర్ (కోడ్‌ను అనువదించేది), జేవీఎం (దాన్ని నడిపేది) కలిసి బాగానే చూసుకుంటున్నాయి, నేను ఊరికే అన్నిచోట్లా బిల్డర్ పెట్టి కోడ్ చదవరాకుండా చేసుకున్నా. అపెండ్ లోపలే ప్లస్ వాడి చాలాకాలం మోసపోయా కూడా, లోపల కొత్త స్ట్రింగ్ పుడుతూనే ఉంటుంది. సున్నా ఇచ్చి ఖాళీ చేసినా లోపలి స్థలం తగ్గదు. సీజన్ చిట్టా తీశాక ఆ పెద్ద స్థలం సాయంత్రం దాకా అలాగే ఉండేది. దుకాణం కంప్యూటర్‌లో 2 జీబీయే మరి. ఇప్పుడు పెద్ద చిట్టాకు విడిగా కొత్త బిల్డర్ తీసి, పనయ్యాక వదిలేస్తున్నా.

నాలాగా ఒక్కడే చూసుకునే చిన్న పనికి, లూప్‌లో పొడవాటి కాగితం తీసేవాళ్ళకు స్ట్రింగ్‌బిల్డర్ వాడమనే చెప్తా. పేర్లు ఇంగ్లిష్‌లోనే ఉంటే నా గోడు మీకు అసలు ఎదురుకాకపోవచ్చు. తెలుగులో ఉంటే మాత్రం జావా లెక్కలో పది అక్షరాల ఊరితో పరీక్షించి వదలకండి. నా ఊరి గడిలో 'చెన్నారావుపేట' పది దగ్గర తెగి 'చెన్నారావు' అయింది. అక్షరం ఏదీ విరగలేదు, నా రెండు నియమాలకూ దొరకలేదు, ఊరు కాస్తా మనిషైపోయింది. ఆ గడిని 13కు పెంచా, అందుకోసం రేటు గడి కుదించాల్సి వచ్చింది.