డిగ్రీ ఇంగ్లీష్ గైడ్: కథలకి ఓకే, పోయెట్రీకి వద్దు

మా తమ్ముడి కోసం కోఠిలో ఈ క్రిటికల్ అప్రీసియేషన్ (కథల్ని, కవితల్ని విశ్లేషించి చెప్పడం) గైడ్ కొన్నాం, పబ్లిషర్ పేరు ఎందుకులెండి. షార్ట్ స్టోరీల పార్ట్ నిజంగా బాగుంది, ఓ హెన్రీ 1905 నాటి 'ద గిఫ్ట్ ఆఫ్ ద మేజై'లో డెల్లా జుట్టు అమ్మేసి మొగుడి వాచీకి చైన్ కొంటది, అతనేమో అదే వాచీ అమ్మి ఆమెకి దువ్వెనలు తెస్తడు, ఐరనీ అంటే ఏంటో దీంతోనే మావాడికి ఎక్కేసింది.

పోయెట్రీకి వచ్చేసరికి తుస్సుమంది. షెల్లీ కవిత 'ఒజిమాండియస్' (1818) షేక్‌స్పియర్ టైప్ సానెట్ (14 లైన్ల కవిత) అని రాసి పడేశారు! 14 లైన్లుంటే చాలా, రైమ్ స్కీమ్, అంటే లైన్ల చివర ప్రాస ఏ వరసలో కలుస్తదో చూడొద్దా? ఏబీఏబీ తర్వాత ఏసీడీసీ అని పోతది, షేక్‌స్పియర్ టైప్‌కి చివర్లో ఉండాల్సిన కప్లెటే (ప్రాస కలిసే రెండు లైన్ల జత) ఉండదు. విరిగిన విగ్రహం కింద రాజుగారి బిల్డప్ మాటలు, చుట్టూ చూస్తే ఇసుక తప్ప ఏం లేదు, అసలు మ్యాటర్ అదే కదా, దానికి రెండు లైన్లిచ్చి కవి బయోడేటా మాత్రం పేజీన్నర నింపారు.

షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌కి ఉత్త సమ్మరీనే. రాజుని చంపిన వెంటనే తాగుబోతు గేట్‌కీపర్ కామెడీ ఎందుకొస్తదో ఊసే లేదు, ఎగ్జామ్‌లో అడిగేదేమో అదే.

ప్రింటింగ్ నీట్‌గా ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే కథల కోసం తీసుకోండి, కొత్తది మాత్రం వద్దు.