పసుపు కళ్ళంలో నాదస్వరం

విజయవాడ సత్యనారాయణపురంలో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు గాత్రం నేర్పుతున్నాను. ఇన్నేళ్లలో నాదస్వరం నా చెవిన పడింది ఎక్కువగా పెళ్లిళ్లలోనే. అక్కడ ఎవరి మాటల్లో వారుంటారు. మంగళసూత్రం కట్టే వేళ ‘భజంత్రీలు, భజంత్రీలు’ అని కేక వేయడానికి తప్ప ఆ కళాకారుల వైపు ఒక్కరూ తిరగరు. ఈ జనవరిలో దుగ్గిరాల దగ్గర ఒక పసుపు ఊరికి వెళ్లి, మూడు వందల మంది నేల మీద కూర్చుని రెండు గంటలు నాదస్వరం వినడం చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఊళ్లో జరిగే ఈ ఉత్సవానికి వేరే పేరేమీ లేదు. కరపత్రంలో త్యాగరాజ ఆరాధన అని మాత్రమే ఉంది. త్యాగరాజు సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి ఉదయం అందరూ కలిసి పాడే గోష్ఠిగానం, ఆ రాత్రీ మరునాటి రాత్రీ కచేరీలు. అప్పటికి వరి కోతలు ముగిసి పొలాల్లో మినుము పచ్చగా ఉంటుంది. పసుపు ఆకు కోస్తుంటారు. దుంప తవ్వి, ఉడకబెట్టి, ఎండబోయడానికి ఇంకా కొన్ని రోజులుంటాయి కనుక కళ్ళం ఖాళీ. ఆ కళ్ళమే సభ. కోసిన పసుపు ఆకు వాసన రాత్రంతా గాలిలో తేలుతూనే ఉంటుంది. టిక్కెట్టు లేదు. వేదిక పక్కన ఒక హుండీ పెట్టారు, ఇష్టమైనవారు వేస్తారు.

గోష్ఠిగానం గురించి సంగీతం టీచరుగా నిక్కచ్చిగా చెప్పాలి. శ్రుతి అందరికీ కలవలేదు. నాట రాగంలో మొదటి కీర్తన పరుగెత్తింది, గౌళ రాగం వచ్చేసరికి తాళం కుదుటపడింది. అయినా పంచరత్నాలనే త్యాగరాజ కీర్తనలు అయిదూ పుస్తకం చూడకుండా పాడిన రైతులు పది మందికి పైగా ఉన్నారు. నా పక్కన కూర్చున్న డెబ్బై ఏళ్ల పెద్దాయనను ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాను. ‘గురువు ఎవరమ్మా, రేడియోనే. మోటారు కొట్టంలో పెట్టుకుని వినేవాడిని’ అన్నారు. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. పొద్దున్నే వచ్చే భక్తిరంజని ఎంతమందికి పాట నేర్పిందో ఇలాంటి ఊళ్లకు వెళితే తెలుస్తుంది.

పంచరత్నాల్లో ఒకటి వరాళి రాగంలో ఉంది. ఆ రాగాన్ని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పకూడదని, చెబితే ఇద్దరికీ ఎడబాటు వస్తుందని సంగీతకారుల్లో పాత నమ్మకం. నేనూ చెప్పను. నాతో వచ్చిన ఆరుగురు పిల్లలూ మిగతా నాలుగు కీర్తనలే పాడగలరు. వరాళి దగ్గర ఆ పెద్దాయన వెనుక చేరి, ఆయన నోటి వెంటే పల్లవి అందుకున్నారు. తిరుగు రైలులో పన్నెండేళ్ల అమ్మాయి దాన్ని తప్పు లేకుండా పాడింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఇక నాదస్వరం. చిలకలూరిపేట పరిసరాలు ఈ వాద్యానికి పెట్టింది పేరు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు ఈ సంప్రదాయంలో ఎదిగినవారే, 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. రాముడి గుడి ముందు ముస్లిం కుటుంబాలు తరతరాలుగా సన్నాయి ఊదిన ప్రాంతమిది. ఆ రాత్రి వచ్చిన విద్వాంసుడూ ఆ వైపు నుంచి వచ్చినవారే. మొదటి రాత్రి ఆయనకు అన్యాయం జరిగింది. మైకు తెచ్చిన వ్యక్తి నాదస్వరం నోటికి జానెడు దూరంలో మైకు పెట్టి శబ్దం పూర్తిగా పెంచాడు. డోలు దెబ్బ పిడుగులా పడింది, పైస్థాయి స్వరాలు చెవులను కోశాయి. ఆరుబయట ఊదడానికి పుట్టిన వాద్యానికి మైకు ఎందుకు? రెండుసార్లు చెప్పినా అతను తగ్గించలేదు. ఈ ఉత్సవంలో నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదొక్కటే.

మరునాడు ఊరి పెద్దలే మైకు తీయించారు. అప్పుడు విన్నాను తోడి రాగం. నలభై నిమిషాల ఆలాపన. నాదస్వరంలో గమకం, అంటే స్వరాన్ని ఊపడం, వేళ్లతోనే రాదు, రంధ్రాన్ని సగం మూసి ఊపిరి బిగించి సడలిస్తే గాని పలకదు. గాంధార స్వరం దగ్గర ఆయన ఎంతసేపు నిలిచారంటే, ముందు వరుసలో చంటిబిడ్డను ఊపుతున్న తల్లి చేయి కూడా ఆగిపోయింది. తర్వాత డోలుకు తని, అంటే ఒంటరిగా వాయించే అవకాశం, ఇచ్చారు. కుడిచేతి వేళ్ల తొడుగుల చప్పుడూ ఎడమచేతి కర్ర దెబ్బా మైకు లేకుండా విడివిడిగా వినిపించాయి. తనిని ముగించే చివరి తీర్మానానికి వెనుక వరుసల్లోని కుర్రవాళ్లు కూడా తాళం వేస్తున్నారు. నగరంలో ఏ సభలోనైనా నాదస్వరానికి ఇంత సమయం ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను.

భోజనం అరటి ఆకులో. కంద బచ్చలి కూర అద్భుతం, కంద ఆ పొలాల్లోదే. పులిహోర కాస్త ఉప్పగా ఉంది. మంచినీళ్లకు కొరత లేదు. మరుగుదొడ్లు మాత్రం చాలవు. ఆడవాళ్లకు రెండే, అవీ బడి ఆవరణలో, దారిలో దీపం లేదు. నిర్వాహకులకు చెప్పాను, రాసుకున్నారు.

విజయవాడ నుంచి తెనాలి వైపు వెళ్లే పాసింజరు ఎక్కి దుగ్గిరాలలో దిగితే ఆటోలు ఉంటాయి. కచేరీ ముగిశాక ఆటో దొరకడం కష్టం, వచ్చేటప్పుడే మాట్లాడి పెట్టుకోండి. కుర్చీలు పెద్దవారికి మాత్రమే, మిగతావారికి పట్టాలు పరుస్తారు. తొమ్మిది దాటాక మంచు కురుస్తుంది, చద్దరు తీసుకెళ్లండి. నాదస్వరం ఉన్న రాత్రి వేదికకు మరీ దగ్గరగా కాక, ఆరేడు వరుసల వెనుక కూర్చోండి.