నారాయణగూడ ట్యాక్స్ ఆఫీసు: బావగారి ఆఖరి జీతం లెక్క ఇక్కడే తేలింది

నాలుగు స్టార్లు. అయిదోది ఎందుకు కోశానో చివర్లో చెప్తా.

మా బావగారు నవంబర్ 12న పోయారు. హైటెక్ సిటీలో ప్రైవేట్ ఉద్యోగం. కంపెనీ వాళ్లు సెటిల్‌మెంట్ జనవరిలో చేశారు, నవంబర్‌లో పనిచేసిన రోజుల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ అన్నీ కలిపి అక్క అకౌంట్‌లో వేశారు. ఇది ఎవరి పాన్ మీద చూపించాలి అని హెచ్‌ఆర్‌ని అడిగితే "మీ సీఏని కనుక్కోండి మేడమ్" అన్నారు.

మా కాలనీలో ఒక కన్సల్టెంట్ ఉన్నాడు, పేరెందుకులెండి. డబ్బు అక్కకి వచ్చింది కాబట్టి అంతా అక్క జీతం కిందే వేసేద్దాం, బావగారి రిటర్న్ ఆయన పాస్‌వర్డ్‌తోనే వేసేద్దాం, ఫోన్ మీ దగ్గరే ఉంది కదా, ఓటీపీ చెప్పేయండి చాలు అన్నాడు. ఆ నంబర్‌కి అక్క ఇప్పటికీ నెలనెలా రీచార్జ్ చేయిస్తోంది. ఏం మాట్లాడకుండా లేచి బయటికి వచ్చేసింది.

తర్వాత ఎవరో చెబితే ఈ ఆఫీసుకి వచ్చాం. పెద్దాయన కంప్యూటర్ కూడా తెరవలేదు. తెల్లకాగితం మీద పెన్సిల్‌తో నిలువుగా ఒక గీత గీసి, పైన నవంబర్ 12 అని రాశారు. "అమ్మా, గీతకి ఇటువైపుది ఆయన పాన్, అటువైపుది మీ పాన్. డబ్బు ఎప్పుడు చేతికొచ్చిందని కాదు, ఎప్పటిదని చూడాలి" అన్నారు. అంటే ఏప్రిల్ 1 నుంచి ఆ రోజు దాకా చేసిన పనికి జీతం జనవరిలో వచ్చినా సరే, అది బావగారి రిటర్న్‌లోకే వెళ్తుంది. ఆ తర్వాత ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ, పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ పెన్షన్ అక్కవి. పెన్షన్ కూడా జీతం కింద కాదు, ఇతర ఆదాయం కింద చూపించాలట, కొత్త పన్ను పద్ధతిలో అందులో మూడో వంతు గానీ 25,000 గానీ ఏది తక్కువైతే అది తగ్గుతుంది (పాత పన్ను పద్ధతిలో అయితే 25,000 బదులు 15,000).

మాకు అసలు ఉపయోగపడింది సెలవుల డబ్బు సంగతి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి ఇచ్చే ఆ డబ్బుకి పన్ను పడదని 1965లోనే ఆదాయపు పన్ను శాఖ వివరణ ఇచ్చిందట. కంపెనీ మాత్రం దానికీ టీడీఎస్ (చేతికివ్వకముందే పట్టుకునే పన్ను) కోసేసింది. బావగారి రిటర్న్‌లో క్లెయిమ్ చేసి రీఫండ్‌కి పెట్టారు. గ్రాట్యుటీ 20 లక్షల లోపే కాబట్టి దాని గొడవ లేదు.

అక్క భయం ఇంకోటి, ఆయన పన్ను ఏమైనా బాకీ ఉంటే తన టీచర్ జీతంలోంచి కట్టాలేమోనని. ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే మీ బాధ్యత అని చెప్పాకగానీ ఆవిడ టీ ముట్టుకోలేదు, అప్పటికి అది చల్లారిపోయింది, మళ్లీ తెప్పించారు.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో అక్క తన లాగిన్ నుంచే వారసురాలిగా రిజిస్టర్ అయింది. బావగారి పాన్, డెత్ సర్టిఫికెట్, మీసేవలో అప్లై చేసి తెచ్చుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేస్తే అయిదో రోజు అప్రూవల్ వచ్చింది. రిటర్న్ బావగారి పేరు మీదే, కానీ ఓటీపీ అక్క ఫోన్‌కి. అన్నీ తేలేదాకా ఆయన పాన్ సరెండర్ చేయొద్దన్నారు. ఫీజు 2,500, బేరం లేదు.

ఇక ఆ కోసిన స్టార్. ఫోన్ ఎత్తరు. వాట్సాప్‌లో కాగితాలు పంపితే చూడరు, జిరాక్స్ పట్టుకుని మనమే వెళ్లాలి, జూలైలో వెళ్లామేమో రెండున్నర గంటలు మెట్ల మీద కూర్చోబెట్టారు. బండి పెట్టడానికి చోటు కూడా లేదు, మెట్రో దిగి నడవడం నయం.